పాటీ శిక్షణ: మూడో నెల నుంచి మూడో ఏటి దాకా

పిల్లల్ని పాటీ మీద ఎప్పుడు కూర్చోబెట్టాలి? అమెరికాలో గత నూరేళ్లుగా పెద్దలు చెబుతూ వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఆ నూరేళ్లలో పసివాళ్ల మూత్రాశయం ఏమీ మారలేదు. ఇంటి చాకిరీ మారింది, పెద్దల నమ్మకాలు మారాయి.

1914లో అక్కడి ప్రభుత్వ బాలల విభాగం ‘ఇన్‌ఫంట్ కేర్’ అనే చిన్న పుస్తకం వేసింది. మూడో నెలకల్లా, వీలైతే అంతకు ముందే అలవాటు చెయ్యడం మొదలుపెట్టమని అందులో రాశారు. 1930ల నాటి కూర్పులు ఇంకా తొందరపడి, ఎనిమిదో నెలకల్లా మలవిసర్జన అలవాటు కుదిరిపోవాలన్నాయి. రోజూ ఒకే వేళకు కూర్చోబెట్టాలి. అప్పటికీ రాకపోతే సన్నగా చెక్కిన సబ్బు ముక్కను మలద్వారంలో పెట్టమన్న సలహాలూ ఉండేవి. తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. అయినా ఆ తల్లుల తొందరను తప్పుపట్టలేం. వాషింగ్ మెషిన్ లేని ఇంట్లో బిడ్డ గుడ్డలన్నీ ఉడకబెట్టి ఉతకాల్సింది వాళ్లే.

మనస్తత్వవేత్త మిర్టిల్ మెక్‌గ్రా కవల పిల్లలను పరిశీలించి 1940లో ఫలితాలు ప్రకటించారు. ఒకరిని నెలల వయసు నుంచే వేళకు కూర్చోబెట్టారు, రెండోవారిని చాలాకాలం వదిలేశారు. ఆలస్యంగా మొదలైన బిడ్డ త్వరగానే అందుకుంది. నరాలు ముదరందే మూత్రం ఆపుకోవడం రాదని తేలింది. 1946లో వచ్చిన బెంజమిన్ స్పాక్ పుస్తకం ఈ బలవంతాన్ని ఇళ్లలోనూ సడలించింది.

అసలు మలుపు 1962ది. శిశువైద్యుడు బెర్రీ బ్రేజెల్టన్ తన దగ్గరికొచ్చిన 1,170 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. బిడ్డ సిద్ధమైనట్టు కనిపించాకే, సుమారు 18 నెలల తర్వాత, మెల్లగా మొదలుపెట్టమన్నారు. ఆ పిల్లలు సగటున 28 నెలలు దాటాక పగలు తడపడం మానేశారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1961లో, ప్యాంపర్స్ మార్కెట్‌లోకి వచ్చింది. ఉతికే పని తప్పడంతో ఆగే ఓపికా పెరిగింది. 1990ల చివర్లో బ్రేజెల్టన్ పెద్ద సైజు ప్యాంపర్స్ ప్రకటనలో కనిపించారు. దానివల్ల ఆయన పాత పరిశోధన విలువ తగ్గదు గానీ, ‘ఇంకా ఆగొచ్చు’ అన్న మాట డైపర్ల వ్యాపారానికి లాభమన్నది తల్లిదండ్రులు మరవకూడదు.

మధ్యలో, 1974లో, నేథన్ ఏజ్రిన్, రిచర్డ్ ఫాక్స్ ఒక్కరోజులోపే నేర్పేయొచ్చంటూ పుస్తకం రాశారు. బాగా అమ్ముడుపోయింది.

వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది 1977లో డీవ్రీస్ దంపతులు తూర్పు ఆఫ్రికాలోని డిగో ప్రజల గురించి రాసిన వ్యాసం. అక్కడి తల్లులు బిడ్డ పుట్టిన కొన్ని వారాలకే మొదలుపెడతారు. కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని నోటితో సన్నగా శబ్దం చేస్తారు. ఆరు నెలలలోపే బిడ్డ ఆ సైగకు స్పందిస్తుంది. మన ఇళ్లలో అమ్మమ్మలు బిడ్డను పాదాల మీద కూర్చోబెట్టుకుని ‘ఉస్స్’ అనేదీ ఇలాగే. ఇందులో కొట్టడం, తిట్టడం ఉండవు. అయితే బిడ్డ కదలికలు కనిపెడుతూ రోజంతా ఒకరు పక్కనే ఉండాలి. ఉద్యోగానికి వెళ్లే తల్లికి అది ఎలా కుదురుతుంది? కుదరలేదని ఆమె నొచ్చుకోనక్కర్లేదు. ఆరు నెలల డిగో బిడ్డ అప్పటికి నేర్చింది సైగకు స్పందించడమే. తనంతట తాను చెప్పి, నిక్కరు విప్పుకుని వెళ్లడం తర్వాతి సంగతి.

జ్యూరిచ్‌లో రెండు తరాల పిల్లలను పోల్చి చూసిన రెమో లార్గో 1996లో దాదాపు ఇదే చెప్పారు. ముందు తరం పిల్లల్ని ఏడాది లోపే కూర్చోబెట్టినా, మూత్రంపై పట్టు వాళ్లకు ముందుగా రాలేదు. 2003లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలోనూ 27 నెలలలోపు గట్టిగా శిక్షణ మొదలైన పిల్లలకు అది ముందుగా పూర్తికాలేదు, ఎక్కువ కాలం మాత్రం పట్టింది.

అందుకే ఇవాళ వైద్యులు వయసుకంటే గుర్తులు చూడమంటారు: రెండు గంటలు పొడిగా ఉండటం, చిన్న మాటలు అర్థం చేసుకోవడం, తడిసిన గుడ్డ విప్పమని అడగడం. మలబద్ధకం ఉంటే మాత్రం శిక్షణ వాయిదా వేయాలి. గట్టి విరేచనం నొప్పి పెడితే పిల్లలు బిగబట్టుకుంటారు, దాంతో అది మరీ గట్టిపడి పాటీ అంటేనే భయపడతారు. ముందు వైద్యుణ్ణి అడిగి విరేచనం మెత్తబడేలా చూడాలి. పాటీని ఆ తర్వాతే మళ్లీ బయటికి తీయాలి.