రూ. 398 జీతపు బిల్లు

కాగజ్‌నగర్ ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రోజులవి. 1980వ దశకంలో ప్రభుత్వం స్పెషల్ టీచర్లను నెలకు రూ. 398 స్థిర వేతనంపై నియమించింది. బడి ఖర్చు తగ్గించుకొనుటకు దొరికిన మార్గమది. జీతాల బిల్లులు వ్రాసే గుమాస్తాగా నాకు బాగా జ్ఞాపకం. వారి పేర్ల ఎదుట డి.ఏ., ఇంటి అద్దె కాలములలో గీతలే. రోజుకు పదమూడు రూపాయల పైచిల్లర! ఆ మొత్తానికీ అక్విటెన్సులో రెవెన్యూ స్టాంపు అంటించి సంతకం చేయవలసిందే. పని మాత్రం రెగ్యులర్ ఉపాధ్యాయునిదే.

ఎస్.టి.యు., యు.టి.ఎఫ్. వంటి సంఘాలు సమాన పనికి సమాన వేతనం కోరుతూ ధర్నాలు చేశాయి. తరువాత స్కేలు లభించింది గాని, 398 కాలాన్ని ఇంక్రిమెంట్లకు లెక్కించలేదు. అందుచేతనే నోషనల్ ఇంక్రిమెంట్ల కోరిక దశాబ్దాల పాటు సంఘాల తీర్మానాలలో కొనసాగింది. ఇంక్రిమెంటు తగ్గితే మూలవేతనం తగ్గును, దానితో పెన్షనూ తగ్గును గదా.