తిండిపోతు అనే మాటకు ముందూ వెనకా

తెలుగులో తిండిపోతు అని ఒక మాట ఉంది. ఆడపిల్లను ఆ మాట అన్నాక ఇక ఆమె గుణం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆకలి లేకపోయినా కడుపు నొప్పి పుట్టేదాకా, ఎవరూ చూడకుండా తిని, ఆపైన తనను తాను అసహ్యించుకునే స్థితి ఒకటుంది. వైద్యం దాన్ని వర్ణించడానికీ, రుగ్మతగా ఒప్పుకోవడానికీ మధ్య అర్ధ శతాబ్దం పైనే గడిచింది. ఆ చరిత్రలో ఒక మూల నాకూ చోటుంది కాబట్టి ఇది రాస్తున్నాను.

1959లో అమెరికన్ మానసిక వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్, స్థూలకాయుల తినే తీరుల మీద రాసిన వ్యాసంలో ఈ 'బింజ్' తిండిని విడిగా వర్ణించాడు. 1979లో లండన్‌లో జెరాల్డ్ రసెల్ 'బులీమియా నెర్వోసా'కు పేరు పెట్టాక దృష్టంతా తిని కక్కేవాళ్ల మీదికి మళ్లింది. కక్కనివాళ్లు లావుపాటి వాళ్ల లెక్కలోనే మిగిలిపోయారు. వాళ్లకు చెప్పే వైద్యం ఒక్కటే, నోరు కట్టుకోమని.

ఈలోగా 1978లో సూసీ ఆర్బాక్ పుస్తకం 'ఫ్యాట్ ఈజ్ ఎ ఫెమినిస్ట్ ఇష్యూ' వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు లూయీజ్ ఐకెన్‌బామ్‌తో కలిసి లండన్‌లో విమెన్స్ థెరపీ సెంటర్ ప్రారంభించిన మనిషి ఆమె. ఆపుకోలేని తిండిని మనోబలం లేకపోవడంగా చూడొద్దనీ, స్త్రీ శరీరం మీద సమాజం పెట్టే ఒత్తిడినీ డైటింగునూ నిలదీయాలనీ వాదించింది. అసలు ముడి ఎక్కడుందో వైద్యుల కన్నా ముందు స్త్రీవాదులే పట్టుకున్నారని నా అభిప్రాయం.

వైద్యులు తమ దారిలో అక్కడికే చేరారు. 1981లో ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ బులీమియాకు ప్రతిపాదించిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని తర్వాత ఈ రుగ్మతకూ మలిచారు. అందులో తొలి మెట్లలో ఒకటి వేళకు తినడం: మూడు పూటలా భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. పగలంతా కడుపు మాడ్చుకోవడమే రాత్రి తిండికి దారి తీస్తుందని దాని తర్కం.

నాకు చికిత్స చేసినావిడ ఇది చెప్పినప్పుడు నవ్వొచ్చింది. పదకొండు దాకా కాఫీతో నెట్టుకొచ్చి, అందరూ తిన్నాక మిగిలింది తిని, శనివారాలు ఒక్కపొద్దులుండే కోడలికి వేళకు తినడమంటే ఇంటి రాజ్యాంగం మార్చడమే. ఏం తిన్నాను, ఎప్పుడు, ఎక్కడ, అప్పుడు మనసెలా ఉంది, అన్నీ నోటుబుక్కులో రాయాలి. మొదటి మూడు వారాలూ 'ఎక్కడ' అన్న గడిలో ఒకటే జవాబు: వంటింట్లో, నిలబడి. పొద్దున్నే ఎనిమిదింటికి అందరికంటే ముందు కంచం పెట్టుకుని కూర్చున్న రోజు మా అత్తగారు, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగారు.

పేరు మాత్రం నెమ్మదిగా వచ్చింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ రోగనిర్ధారణ గ్రంథం డి.ఎస్.ఎం.లో 'బింజ్ ఈటింగ్ డిజార్డర్' 1994లో అనుబంధానికే పరిమితమై, 2013లో అసలు జాబితాలోకి ఎక్కింది. 2015లో అమెరికా దీనికి లిస్‌డెక్సాంఫెటమిన్ అనే మందును అనుమతించింది. అది యాంఫెటమిన్ల కుటుంబానిదే. అంతకు అర్ధ శతాబ్దం ముందు అమెరికన్ స్త్రీలకు సన్నబడే మాత్రలుగా రాసిచ్చిందీ యాంఫెటమిన్లనే.

డి.ఎస్.ఎం. లెక్కలో వారానికి సగటున ఒకసారి కన్నా తగ్గితే పాక్షిక ఉపశమనం. లక్షణాలేవీ లేకుండా కొంతకాలం సాగితే సంపూర్ణ ఉపశమనం. ఎంతకాలమో అందులో లేదు. నాకు మూడేళ్లయింది. ఈ థెరపీ తిండిని అదుపులోకి తెస్తుంది గానీ బరువును పెద్దగా తగ్గించదు, నాకూ తగ్గలేదు. అందుకని చికిత్స పనిచెయ్యలేదనే మా చుట్టాలు అనుకుంటున్నారు.