కరవు సీమలోనూ ఇళ్లకు వరద గండం

మదనపల్లె: తుపాను అంటే తీరం వారి బాధ అన్న ధీమా పడమటి మండలాల్లో ఇంకా పోలేదు. చినుకు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసులకు ఇల్లు కట్టేటప్పుడు నీటిదారి గుర్తుకు రాకపోవడంలో వింత లేదు. అయితే 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటిన వాయుగుండం ఎన్నో లెక్కలు తప్పని తేల్చింది. మదనపల్లె మీదుగా పారే బాహుదా నీరు చివరికి చేరేది చెయ్యేరుకే. ఆ ఏటిపైనున్న అన్నమయ్య జలాశయం మట్టికట్ట అదేరోజు తెగి పులపత్తూరు, మందపల్లి తదితర గ్రామాలను ముంచెత్తింది. 2024లో ఫెంగల్ తుపాను తీరం దాటి బలహీనపడ్డాక, కుప్పం పొరుగునున్న కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో ఒక్కరోజులోనే 50 సెం.మీ. వాన కురిసింది. అది సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న ఊరు.

వంకే ప్లాటయితే..
ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మరవ పారితే ఆ నీరు వంక వెంట కింది చెరువుకు చేరాలి. ఏళ్లుగా ఎండిన వంక ఖాళీ స్థలంగానే కనిపిస్తుంది, ధరా తక్కువే. మరవ పారిన ఏడాదే అసలు సంగతి బయటపడుతుంది. పది హెక్టార్లు, ఆపై విస్తీర్ణమున్న చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలని 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనలు నిర్దేశించాయి. కొనేముందు గ్రామపటంలో వంక ఎటు పారుతుందో సర్వేయరుతో చూపించుకోవడం మేలు.

కట్టేటప్పుడు..
రోడ్డుపై రోడ్డు వేస్తూ పోవడంతో పాత ఇళ్ల గడపలు పల్లమవుతున్నాయి. అందుకే బేస్‌మెంటు ఎత్తును నేటి రోడ్డును బట్టి కాక, వీధిలో గతంలో నీరు నిలిచిన గుర్తును బట్టి నిర్ణయించాలి. మట్టిగోడ కూలేది సాధారణంగా అడుగుభాగం నానినందువల్లే. గోడ చుట్టూ బయటికి వాలుగా రెండడుగుల గచ్చు వేస్తే చాలావరకు కాపాడుకోవచ్చు. రాతికి కొదవలేని ప్రాంతం కనుక పునాది నుంచి బేస్‌మెంటు వరకు సిమెంటుతో రాతికట్టడం భారమేమీ కాదు.

రేకుల ఇళ్ల సంగతి వేరు. గాలి రేకును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. పైన పెట్టిన బండరాళ్లు దాన్ని ఆపలేవు సరికదా, లోపలున్నవారి మీద పడే ప్రమాదం ఉంది. రేకులను దూలాలకు జె-బోల్టులతో బిగించాలి. లాగుడు బలం అంచుల్లో, మూలల్లో ఎక్కువ కనుక అక్కడ బోల్టులు దగ్గరదగ్గరగా ఉండాలి. భారత ప్రమాణాల ప్రకారం భవనాలకు లెక్కించే ప్రాథమిక గాలివేగం చెన్నైలో సెకనుకు 50 మీటర్లు, బెంగళూరులో 33. ఆ తక్కువ అంకె కూడా గంటకు సుమారు 119 కి.మీ.తో సమానం.

మిద్దె ఇళ్లవారు అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యేలోగా గొట్టాల్లో ఇరుక్కున్న ఆకులు, మట్టి తీయించుకోవాలి.