చందాలతో లేచిన ఎర్ర మేడ

తడలో లోకల్ బండి ఎక్కితే ఆరంబాకం, గుమ్మిడిపూండి, పొన్నేరి దాటి చెన్నై మూర్ మార్కెట్ స్టేషన్లో దిగుతాం. ఆసుపత్రి పనో, పెళ్లి బట్టల బేరమో ఉంటుంది కాబట్టి తలెత్తి చూసే తీరిక ఉండదు. రోడ్డు మీదకు రాగానే తెల్లటి రిప్పన్ భవనం కనబడుతుంది. దాని పక్కన ఎర్ర ఇటుకలతో, కమానులతో, తిరువాన్కూరు గుడికప్పును తలపించే బురుజుతో నిలబడ్డది విక్టోరియా పబ్లిక్ హాలు. ఆ ఇటుకల్లో మనవాళ్ల పాలు కూడా ఉంది.

పట్నంలో జనం కూడుకోవడానికి ఒక సభాభవనం కావాలని 1882లో పురప్రముఖులు పచ్చయ్యప్ప హాలులో సమావేశమయ్యారు. చందాలు పోగయ్యాయి. 1883 డిసెంబర్ 17న శంకుస్థాపన చేసింది విజయనగరం మహారాజు ఆనందగజపతి. గురజాడ 'కన్యాశుల్కం' అంకితమందుకున్నది ఆయనే. ఆ తర్వాత గ్రౌండుకు ఏడాదికి ఎనిమిది అణాల చొప్పున 57 గ్రౌండ్ల స్థలాన్ని 99 ఏళ్లకు లీజుకిచ్చారు. వాస్తుశిల్పి చిషోమ్ గీసిన నమూనాను నంబెరుమాళ్ చెట్టి కట్టి నిలబెట్టారు. 1887లో గవర్నర్ కన్నెమరా తలుపులు తెరిచారు. మరుసటి ఏడాది విక్టోరియా రాణి పేరు పెట్టారు.

అక్కణ్ణుంచి అది పట్నానికి రచ్చబండ. బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదినీ సభ 1891లో మద్రాసు వచ్చి నాటకాలాడింది. ఆ తెలుగు నాటకాలు చూసి ఉత్సాహం పొందిన తమిళ నాటకకర్త పమ్మల్ సంబంధ మొదలియార్ అదే ఏడు సుగుణ విలాస సభ స్థాపించారు. దశాబ్దాలపాటు ఆ సభకు ఈ హాలే వేదిక. ఒక భాష వెలిగించిన దీపంతో మరో భాష తన దీపం వెలిగించుకోవడమంటే ఇదే. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు ఇక్కడే ప్రసంగించారు. దక్షిణాదిలో తొలినాటి సినిమా బొమ్మలు కదిలిందీ ఇక్కడే.

తర్వాత సినిమాహాళ్లు పెరిగాయి, నాటకం తగ్గింది. ఆవరణలో దుకాణాలు వెలిశాయి, గోడలకు చెమ్మ పట్టింది. 1985లో లీజు ముగిసింది. పక్కనున్న మూర్ మార్కెట్ కాలిపోయిందీ ఆ ఏడాదే. హాలు కాలలేదు గాని, కోర్టు వ్యాజ్యాల మధ్య ఏళ్ల తరబడి తాళంతో మిగిలింది. చివరికి 2023లో నగరపాలక సంస్థ పునరుద్ధరణకు పూనుకుంది.

సున్నం పూసి, కప్పు సరిచేస్తే గోడలు బతుకుతాయి. సభాభవనం బతకాలంటే మాత్రం లోపల మనుషుల గొంతు వినబడాలి. చందాలిచ్చినవాళ్లు అడిగింది నలుగురూ కలిసి కూర్చునే చోటు. అక్కడ మళ్లీ నాటకం ఆడాలి, తమిళం పక్కన తెలుగూ పలకాలి. ఈసారి పట్నం వెళ్లినప్పుడు తిరుగు బండికి పావుగంట ముందుగా బయల్దేరి, ఆ ఎర్ర మేడ ముందు ఒక్కసారి ఆగండి.