పౌష్టిక బిస్కట్టు పుట్టుపూర్వోత్తరములు

బిస్కట్టు మన పూర్వుల వంటశాలకు చెందినది కాదు. అయినను స్వాతంత్ర్యానంతరము, చిక్కి శల్యమగుచున్న శిశువులను ఆదుకొనుటకై మన పరిశోధనాలయములు ఆశతో చేపట్టిన పదార్థములలో అదియు ఒకటి. పిండి, పంచదార, వనస్పతి కలిసిన ఆ చిన్న బిళ్ల వెనుక అర్ధశతాబ్దపు విజ్ఞానచర్చ ఇమిడియున్నది.

ఈ కథకు నాంది పలికినది నీలగిరులలోని కూనూరు. 1918లో రాబర్ట్ మెక్కారిసన్ అచ్చటి పాశ్చర్ సంస్థలో ఒకే ఒక గదిలో బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించెను. క్రమముగా అది పోషకాహార పరిశోధనాలయముగా వృద్ధిచెందినది. దానికి అధిపతియైన ఐక్రాయిడ్ 1937లో భారతీయాహారముల పోషక విలువలను పట్టికలుగా ప్రకటించెను. కందిపప్పునందు, వేరుసెనగయందు మాంసకృత్తులెంత కలవో సంఖ్యలలో తెలియుటకు అది దారిచూపినది. 1958లో ఆ సంస్థ హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు దాల్చినది.

ఇంతలో 1950లో మైసూరునందు కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనాలయము వెలసినది. రాయలసీమ మెట్టపొలములలో విస్తారముగా పండు వేరుసెనగనుండి నూనె తీయగా మిగులు పిండిలో దాదాపు సగము మాంసకృత్తులే. అది అధికభాగము పశువుల దాణాగాను, ఎరువుగాను పోవుచుండెను. ఆ పిండి 75 పాళ్లు, శనగపిండి 25 పాళ్లు కలిపి, విటమినులను, సున్నపు లవణములను చేర్చి మైసూరువారు బహుళార్థసాధకాహారమును రూపొందించిరి. వేరుసెనగ పిండి కలిపిన బిస్కట్లును ఆ కృషి ఫలితములే. గోధుమలో లైసీను కొరత; శనగలో అది సమృద్ధి. ఒకదాని లోపమును మరియొకటి పూరించునన్నదే అందలి సూత్రము.

అయితే చిక్కులు లేకపోలేదు. అతిగా కాల్చినచో చక్కెరతో కలిసి ఆ లైసీనే కొంత నిరుపయోగమగును. 1960లో ఇంగ్లండునందు వేలకొలది టర్కీకోళ్లు మరణించగా, బూజుపట్టిన వేరుసెనగ పిండిలో అఫ్లాటాక్సిను అను విషము బయల్పడినది. నాటినుండి గింజల శుభ్రతయే ప్రధాన సమస్య యైనది.

అంతకంటె మౌలికమైన ప్రశ్నను మనవారే లేవదీసిరి. మాంసకృత్తుల కొరతయే లోకమునకు గండమని ఐక్యరాజ్యసమితి 1968లో హెచ్చరించినది. కాని హైదరాబాదున గోపాలన్, గణాంకశాస్త్రజ్ఞుడు సుఖాత్మే వేర్వేరుగా పరిశీలించి, మన పిల్లలకు అసలు కొరత కడుపునిండ అన్నమేనని వాదించిరి. తిండి చాలనప్పుడు తిన్న మాంసకృత్తులు సైతము శక్తికై వ్యయమైపోవును. అట్టి శిశువునకు బిస్కట్టు ఒక్కటే ఏమి మేలు చేయగలదు? 1974 నాటికి ప్రపంచ వైజ్ఞానిక పత్రికలలోను ఇట్టి విమర్శయే వినవచ్చినది.

ఆ దృష్టినుండి పుట్టినదే గోధుమ, శనగపప్పు, వేరుసెనగ, బెల్లము కలిపిన 'హైదరాబాదు మిశ్రమము'. యంత్రము అక్కరలేదు, వేయించి, పొడిచేసి, కలిపిన చాలును. తెలుగింటి వేరుసెనగ ఉండయు, సున్నుండయు దానికి దగ్గరి చుట్టములే.

65 కిలోల పురుషునకు దినమునకు 54 గ్రాముల మాంసకృత్తులు చాలునని 2020 నాటి జాతీయ ప్రమాణము. పప్పన్నము, పెరుగు, ఆకుకూర గల విస్తరికి అది అసాధ్యము కాదు. బిస్కట్టు ఆ విస్తరికి తోడు కాగలదు గాని, దాని స్థానమును ఆక్రమింపజాలదు. అర్ధశతాబ్దపు పరిశోధన నేర్పిన పాఠమిదియే.