ప్లమ్ కేకు: ఇంటి తయారీ చరిత్ర

ఎండు ద్రాక్ష, ఖర్జూరం, చక్కెర పాకంలో ఊరిన నారింజ తొక్కలు, బాదం, జీడిపప్పు వంటి వాటిని వెన్న, చక్కెర, గుడ్లు, మైదాతో కలిపి, సన్నని సెగ మీద గంటల తరబడి కాల్చే బరువైన కేకు ఇది. దీని పుట్టిల్లు బ్రిటన్. అక్కడ ఫ్రూట్ కేకు, క్రిస్మస్ కేకు అంటారు; తెలుగునాట ప్లమ్ కేకు అన్న పేరు స్థిరపడింది. మేలు రకం కేకులో పిండి కంటే పండ్ల తూకమే ఎక్కువ. పండ్లలోని చక్కెర తేమను పట్టి ఉంచుతుంది, రమ్మో బ్రాందీయో బూజును దగ్గరికి రానివ్వదు, అందువల్ల నెలల తరబడి చెడదు. న్యూజిలాండ్‌కు చెందిన అంటార్కిటిక్ వారసత్వ సంస్థ 2017లో అంటార్కిటికాలోని కేప్ అడేర్ గుడిసెలో తుప్పు పట్టిన రేకు డబ్బాలో ఇలాంటి కేకునే కనుగొంది. అది బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ యాత్ర బృందం తెచ్చుకున్న హంట్లీ అండ్ పామర్స్ కంపెనీ కేకు. అప్పటికి నూరేళ్లు దాటినా రూపం చెదరలేదు.

ఈ కేకు ఏ దేశంలో ఎప్పుడు ఇళ్లలోకి వచ్చిందన్నది దినుసుల కంటే ఎక్కువగా పొయ్యిని బట్టి తేలింది. నాలుగు వైపులా సమంగా వేడి తగలనిదే కేకు కాలదు; మూసిన పొయ్యి లేని ఇంట్లో అది కష్టం.

బ్రిటన్‌లో

మధ్యయుగాల్లో మధ్యధరా తీరాల నుంచి ఓడల్లో వచ్చిన ఎండు ద్రాక్ష ధనికుల వంటిళ్లకే పరిమితం. బీరు నురగతో పులియబెట్టిన తీపి రొట్టెల్లో దాన్ని కలిపేవారు. 1647లో ప్యూరిటన్ల పార్లమెంటు క్రిస్మస్ పండుగనే రద్దు చేసింది. రాచరికం తిరిగి వచ్చాక పండుగతో పాటు పిండివంటలూ తిరిగి వచ్చాయి.

18వ శతాబ్దం ఈ కేకుకు స్వర్ణయుగం. పులియబెట్టడం తగ్గి, గుడ్ల నురగతో పిండిని పొంగించే పద్ధతి వచ్చింది. 1769లో ఎలిజబెత్ రాఫాల్డ్ అచ్చు వేయించిన వంటల పుస్తకంలోని పెళ్లి కేకు కొలతలు ఇప్పుడు చదివినా ఆశ్చర్యం కలుగుతుంది: 4 పౌన్ల పిండి, అంతే వెన్న, 2 పౌన్ల చక్కెర, పౌను పిండికి 8 గుడ్ల చొప్పున మొత్తం 32 గుడ్లు, 4 పౌన్ల ఎండు ద్రాక్ష, పౌను బాదం, అర పింటు బ్రాందీ, జాపత్రి, జాజికాయ. వెన్నను చేత్తో మీగడలా పిసకాలి, పచ్చసొనను కనీసం అరగంట గిలక్కొట్టాలి. యంత్రాలు లేని రోజుల్లో ఇది పనిమనుషుల రెక్కల కష్టం. కేకు మీద బాదం ముద్ద, దానిపై తెల్లటి చక్కెర పూత వేయడం కూడా రాఫాల్డ్ స్పష్టంగా వివరించింది. ఆమె పుస్తకం ఈ వంటకు చేసిన మేలు గొప్పది.

ఆనాడు పెద్ద కేకును జనవరి 6న, క్రిస్మస్ తరువాతి పన్నెండో రోజు పండుగకు కోసేవారు. నటుడు రాబర్ట్ బాడ్లీ 1794లో చనిపోతూ, ఏటా ఆ రోజున లండన్ డ్రూరీ లేన్ నాటకశాల నటులకు కేకు, పానీయం ఇవ్వాలని 100 పౌన్లు రాసిపెట్టాడు. 1795లో మొదలైన ఆ ఆనవాయితీ కొన్ని ఏళ్లు తప్ప కొనసాగుతూ వచ్చింది. విక్టోరియా రాణి కాలంలో కేకు క్రిస్మస్‌కు మారింది.

సామాన్యుల ఇళ్లలో మాత్రం కేకు కాల్చే పొయ్యి చాలాకాలం లేదు. కలిపిన పిండిని వీధి చివర రొట్టెల భట్టీకి పంపి కాల్పించుకునేవారు. 1780లో థామస్ రాబిన్సన్, మంట పక్కన ఇనుప అర అమర్చిన పొయ్యికి పేటెంటు పొందాడు. 1843లో ఆల్ఫ్రెడ్ బర్డ్ బేకింగ్ పౌడర్ తయారు చేశాడు. ఎలైజా ఆక్టన్ పుస్తకం 1845లో, మిసెస్ బీటన్ పుస్తకం 1861లో వెలువడి మధ్యతరగతి ఇల్లాలికి కొలతలు అందించాయి. 1923లో గ్యాసు పొయ్యికి వేడిని నిలకడగా ఉంచే మీట వచ్చాక, సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర మూడు నాలుగు గంటలు కాల్చడం ఎవరికైనా సాధ్యమైంది. రెండో ప్రపంచయుద్ధంలో 1940 నుంచి కేకుల మీద చక్కెర పూతను నిషేధించారు. యుద్ధకాలపు ఆహార రేషన్ 1954లో గానీ పూర్తిగా పోలేదు.

భారతదేశంలో

1880లో తలశ్శేరిలో రాయల్ బిస్కెట్ ఫ్యాక్టరీ పెట్టిన మంబల్లి బాపు, 1883లో ఒక ఇంగ్లీషు తోట యజమాని తెచ్చిచ్చిన కేకును రుచి చూసి, స్థానిక దినుసులతో అలాంటిదే కాల్చి మెప్పించాడని కేరళలో ప్రసిద్ధి. అలహాబాద్‌లో బూడిద గుమ్మడి పేఠా, నెయ్యి, సోంపు వేసి తమదైన కేకు చేసుకున్నారు. పచ్చి బొప్పాయి ముక్కలను పాకంలో ఊరవేసి రంగులద్దిన టూటీ ఫ్రూటీ, ఖరీదైన పండ్ల తొక్కలకు బదులుగా దేశమంతటా వాడుకలోకి వచ్చింది. నల్లటి రంగు కోసం చక్కెరను మాడ్చి నీళ్లు పోసి కలపడం భారతీయ ప్లమ్ కేకుకు ముఖ్యమైన గుర్తు.

1878లో మద్రాసు సైన్యాధికారి కెన్నీ హెర్బర్ట్ రాసిన వంటల పుస్తకంలో ఇక్కడి దొరల వంటిళ్ల దుస్థితి మీద ఒక అధ్యాయమే ఉంది. మూసిన పొయ్యి లేనిచోట వంటవాళ్లు డేగిసా కింద, మూత మీద నిప్పులు పరిచి కేకు కాల్చేవారు. బిర్యానీకి దమ్ పెట్టడం తెలిసిన చేతులకు అది కొత్త విద్య కాదు.

తెలంగాణలో

ఈ కేకు తెలంగాణలో మొదట కనబడింది సికింద్రాబాద్ కంటోన్మెంటులో. 1806లో నిజాం సికందర్ జా పేరిట వెలసిన ఆ ఊళ్లో సైనికుల కోసం చర్చీలు, మెస్సులు, వాటి వెంట బేకరీలు వచ్చాయి. రైలు ఉద్యోగాల్లో కుదిరిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు సౌత్ లాలాగూడ, కాజీపేటల్లో ఇంటి కేకును నిలబెట్టాయి. పండ్లను వారాల ముందే తరిగి రమ్ములో నానబెట్టే అలవాటు వారిదే.

హైదరాబాద్ భట్టీలది ప్రత్యేక పద్ధతి. మొహర్రం నెలలో రోట్ అనే తీపి బిస్కెట్ల కోసం ఇంటి సామాను బేకరీకి ఇచ్చినట్టే, డిసెంబరులో క్రైస్తవ కుటుంబాలు మైదా, వెన్న, గుడ్లు, నానిన పండ్లు పట్టుకెళ్లి దగ్గరుండి కలిపించుకుంటాయి. కూలి మాత్రం భట్టీకి. ఇంగ్లండులో రెండు శతాబ్దాల కింద జరిగిందే ఇక్కడా జరిగింది. ఇంటి కేకు ఇంట్లో కాలలేదు, అయినా అది ఇంటి కేకే.

జగిత్యాల, కోరుట్ల, రాయికల్ వైపు

ఈ ఊళ్లున్న ఒకప్పటి కరీంనగర్ జిల్లా పల్లెలకు క్రైస్తవం ప్రధానంగా వెస్లియన్ మెథడిస్టు మిషన్ ద్వారా చేరింది. ఆ మిషన్‌కు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. అయినా పల్లెల్లో పండుగ వంట బగారా అన్నం, మటన్, గారిజెలు, అరిసెలే. కట్టెల పొయ్యి మీద కేకు కుదరడం కష్టం కనుక ఇది సహజం.

మార్పు రెండు దారుల్లో వచ్చింది. 1970ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి పెట్టెల్లో ఖర్జూరం, బాదం, ఎండు ద్రాక్ష ఇళ్లకు చేరాయి. గ్యాసు పొయ్యి, ప్రెషర్ కుక్కరు మూసిన పొయ్యి లేని లోటు తీర్చాయి. కుక్కరు అడుగున ఇసుకో ఉప్పో పోసి, రబ్బరు, విజిల్ తీసేసి, లోపల చిన్న స్టాండు మీద గిన్నె పెట్టి సిమ్‌లో కాలుస్తారు. పండ్లు అడుగుకు దిగకుండా ముందుగా పొడి మైదా పట్టిస్తారు. పుల్ల గుచ్చి చూసి తడి అంటకపోతే దించుతారు. పలచటి అల్యూమినియం గిన్నె అయితే లోపల కాగితం తప్పనిసరి, లేదంటే మధ్య ఉడికేలోపు అంచు మాడుతుంది. పట్టణాల్లో అయ్యంగార్ బేకరీల బోర్డులు పెరిగాక డిసెంబరు 31 రాత్రి క్రీము కేకు మతంతో పని లేకుండా ప్రతి వాడకూ చేరింది. ప్లమ్ కేకు మాత్రం క్రిస్మస్ నాటిదిగానే మిగిలింది.

తెలుగులో ఈ కేకు కొలతలు అచ్చు పుస్తకాల కంటే ఇంటి నోటు పుస్తకాల్లోనే ఎక్కువగా ఉన్నాయి. లాలాగూడ, కాజీపేట, మెదక్, కరీంనగర్ ప్రాంతాల్లో అలాంటి చేతిరాత ప్రతులు ఉన్నవారు వాటిని గ్రంథాలయాలకు ఒక నకలైనా ఇవ్వాలి.