బహ్రెయిన్‌లో పియానో, పక్కవాద్య విద్య

బహ్రెయిన్‌లో కచేరీ పియానో చరిత్ర చిన్నది, పక్కవాద్యం చరిత్ర పెద్దది. పాటగాడి వెంట వాయించే విద్యను ఇక్కడ మొదట నేర్పింది సంగీత కళాశాలలు కావు. ముత్యాల పడవలు, ముహరక్ పట్టణంలో ‘దార్’ అనే సంగీతపు ఇళ్లు నేర్పాయి. పడవ మీద నహ్హామ్ అనే గాయకుడు పై గొంతులో పాడుతుంటే, సముద్రంలో మునిగి ముత్యాలు ఏరే పనివాళ్లు అతనికి రెండు స్థాయిల కింద బొంగురుగా శ్రుతి పట్టేవారు. ఒడ్డుకు చేరాక అదే పాటకు చప్పట్లు, తాళాలు, మిర్వాస్ అనే చిన్న డోలు, జహల్ అనే మట్టికుండ తోడయ్యేవి. ఫిజిరి అని పేరున్న ఈ సంగీతం 2021లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాకెక్కింది.

ఒంటి గాయకుడు, అతని వెంట కొద్దిమంది వాద్యకారులు అనే కచేరీ పద్ధతికి దగ్గరగా వచ్చేది మాత్రం ‘సౌత్’. దీన్ని తీర్చిదిద్దిన ఘనత కువైట్ కవి అబ్దుల్లా అల్ ఫరజ్‌ది అంటారు. ఆయన పెరిగింది బొంబాయిలో. బహ్రెయిన్‌లో ఈ గానానికి పెద్ద దిక్కు ముహమ్మద్ బిన్ ఫారిస్ (1895–1947). పాలక ఖలీఫా వంశంలో పుట్టి కూడా పాటనే పట్టుకున్నాడు. ఊద్ అనే తీగవాద్యం తన అన్న దగ్గర నేర్చుకున్నాడు. యెమెనీ పాటల కోసం ముత్యాల వర్తకుల దారినే బొంబాయి వెళ్లి, అక్కడ అబ్దుర్రహీమ్ అల్ అసీరి దగ్గర శిష్యరికం చేశాడు. బిన్ ఫారిస్ శిష్యుడు దాహీ బిన్ వలీద్ ఆఫ్రికన్ మూలాలున్న కుటుంబంవాడు; గురువుకన్నా ముందే, 1941లో కన్నుమూశాడు. రాజవంశీకుడి పేరూ ఈ శిష్యుడి పేరూ నేటికీ జంటగానే వినబడతాయి.

సౌత్ పక్కవాద్యంలో అసలు కష్టమంతా మిర్వాస్‌ది. అరచేతిలో ఇమిడే ఆ డోలును ఒక చేత్తో పట్టుకుని రెండో చేతి వేళ్లతో కొడతారు. ఒకరు వదిలిన ఖాళీలో మరొకరి దెబ్బ పడాలి. దీన్ని ఎవరూ కాగితం మీద నేర్పలేదు. సమ్రా అనే రాత్రి గోష్ఠుల్లో పక్కన కూర్చుని పట్టుకోవలసిందే.

ఈ సంగీతాన్ని మొదట శాస్త్రీయంగా నమోదు చేసినవాళ్లలో ముఖ్యుడు కోపెన్‌హాగన్‌లో పియానో నేర్చుకున్న మనిషి కావడం ఒక విశేషం. డెన్మార్క్ స్వరకర్త పౌల్ రోవ్‌సింగ్ ఓల్సెన్ (1922–1982) న్యాయశాస్త్రమూ చదివాడు, పారిస్‌లో నాదియా బూలాంజే దగ్గర సంగీతమూ చదివాడు. గల్ఫ్‌లో తవ్వకాలు జరుపుతున్న డేనిష్ పురావస్తు బృందం వెంట 1958లో వచ్చి పాటలు రికార్డు చేశాడు. ‘బహ్రెయిన్‌లో సంగీతం’ అనే పుస్తకం ఆయన చనిపోయిన ఇరవై ఏళ్లకు, 2002లో, అచ్చయింది.

పియానో ఇక్కడి పాటకు పక్కవాద్యం కాలేకపోవడానికి కారణం శ్రుతిలో ఉంది. మకామ్‌లనే అరబ్బు రాగాల్లో కొన్ని స్వరాలు పియానో తెల్ల మెట్టుకూ నల్ల మెట్టుకూ నడుమ పడతాయి. 1932 కైరో అరబ్ సంగీత మహాసభలో ఈ వాద్యం మీద గట్టి వాదులాటే జరిగింది. పావు స్వరాలు పలికే పియానోలు కూడా తెచ్చి చూపారు. ఆలిండియా రేడియో 1940 నుంచి మూడు దశాబ్దాలు హార్మోనియాన్ని దూరం పెట్టడం వెనక ఉన్నదీ ఇలాంటి అభ్యంతరమే. గమకం పలకని మెట్ల మీద రాగం ఎలా నిలుస్తుందన్నది మనవాళ్ల ప్రశ్న.

శ్రుతికి తోడు వాతావరణం. మనామా ఎండాకాలపు ఉక్కకు పియానో నాదఫలకం తేమ పీల్చి ఉబ్బుతుంది, శ్రుతి పైకి జారుతుంది. ఏసీ ఆరబెడితే కిందికి దిగుతుంది. రెండు వందలకు పైగా ఉన్న తీగలన్నీ ఒకేలా జారవు కనుక, శ్రుతి చేసేవాడు తరచూ రావలసిందే.

గల్ఫ్‌లో పియానో శిక్షణ ఎక్కువగా బ్రిటిష్ పరీక్షల చట్రంలో సాగుతుంది. లండన్‌లో 1889లో మొదలైన అసోసియేటెడ్ బోర్డు వారి ఎనిమిది గ్రేడులు, ఆపైన డిప్లొమాలు. ప్రవాస భారతీయుల పిల్లలకూ ఇవి బాగా తెలిసినవే. వయొలిన్, గాత్రం పరీక్షలకు వెళ్లే పిల్లలకు వెంట వాయించేవారు కావాలి. కొత్త కాగితం ఇవ్వగానే వాయించగలగడం, గాయకుడి ఊపిరి కనిపెట్టి ఆగగలగడం, అడిగిన శ్రుతికి పాటను మార్చగలగడం ఈ పనికి అర్హతలు. సోలో పియానిస్టుకు వచ్చే చప్పట్లు వీరికి రావు. కానీ పని దొరికేది వీరికే ఎక్కువ.

పెద్ద వేదిక ఆలస్యంగా వచ్చింది. బహ్రెయిన్ అంతర్జాతీయ సంగీతోత్సవం 1992లో మొదలైంది. మనామాలో జాతీయ మ్యూజియం పక్కన జాతీయ రంగస్థలం 2012 నవంబరులో తెరుచుకుంది. అందులో 1001 సీట్లు, వేయిన్నొక్క రాత్రుల లెక్కన. ముహరక్‌లో బిన్ ఫారిస్ ఇంటిని బాగుచేసి సౌత్ గోష్ఠులకు ఇచ్చారు. అక్కడ జనం నేల మీది దిండ్లకు ఆనుకుని కూర్చుంటే చాలు, సీట్ల లెక్క అక్కర్లేదు.